పేజీకి పది రూపాయలు ఇవ్వడం మొదలెట్టాక మావాడు తెలుగు చదవడం మానేశాడు, ఎందుకిలా?

వంశధార ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగూ ఒడియా రెండూ, బళ్లో మాత్రం ఒడియా, ఇంగ్లీషు అంతే. మా బాబుకి తొమ్మిదేళ్లు. బళ్లో తెలుగు లేదు కాబట్టి మా అమ్మే వాడికి పాత కేలండర్ కాయితాల వెనక అక్షరాలు రాయించి నేర్పింది, రెండేళ్లు పట్టింది, ఒత్తులతో సహా వచ్చేశాయి. రాత్రి అన్నాలయ్యాక వాళ్ల మామ్మ పక్కన కూచుని కథల పుస్తకం తీసేవాడు, చదివేది నాలుగు లైన్లు, మధ్యలో ఆపి "మామ్మా ఇదేటి, ఇలా ఎందుకన్నాడు" అని అడిగేది నలభై సార్లు. ఎవరూ చదవమని చెప్పలేదు వాడికి.

మొన్న వేసవి సెలవల్లో ఇంకా బాగా చదువుతాడు కదా అని నేనే పేజీకి పది రూపాయలు పెట్టాను. మొదటి వారం 14 పేజీలు చదివాడు, చాలా సంతోషమేసింది. రెండో వారానికి పెద్ద పెద్ద అక్షరాలు, బొమ్మలు ఉన్న పుస్తకాలే వెతుక్కుంటున్నాడు, ఎందుకంటే పేజీ తొందరగా అయిపోతుంది. మామ్మని అడగడం ఆగిపోయింది. మూడో వారంలో లైన్లు దాటేస్తున్నాడని అమ్మ కనిపెట్టింది. బళ్లు తెరిచాక డబ్బులు ఆపేశాను, అప్పట్నుంచి పుస్తకం ముట్టుకోలేదు. అమ్మ పిలిస్తే "డబ్బులిస్తారా" అన్నాడు. ఆ మాటకి అమ్మ ఏమీ అనలేదు, పుస్తకం తీసి గూట్లో పెట్టేసింది.

ఇంకోటి ఉంది. దసరాకి పాలకొండలో మా అక్కావాళ్లింటికి వెళ్లాం. అక్కడి పిల్లలకి బళ్లో తెలుగుంది కదా, పేపరు గడగడా చదివేస్తారు. మావాణ్ని కూడా చదవమన్నారు. 'క్షేత్రం' దగ్గర ఆగిపోయాడు, పిల్లలు నవ్వారు, వీడికి చెమటలు పట్టి చేతులు వణికి గొంతు రాలేదు. ఇప్పుడు పాలకొండ అంటే చాలు కడుపు నొప్పి అంటాడు. భయమా అని అడిగితే "భయం లేదు నాన్నా, కడుపే నొప్పి" అంటాడు.

మా మేనకోడలి డిగ్రీ సైకాలజీ పుస్తకం తిరగేశాను. మోటివేషన్ ఒక చాప్టరు, ఎమోషన్ ఒక చాప్టరు, మాస్లో త్రిభుజం, జేమ్స్, కానన్ ఇలా పేర్లు పేర్లుగా ఉన్నాయి తప్ప మా ఇంట్లో జరిగిన దానికి ఏది పనికొస్తుందో అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి. నేనేటి తప్పు చేశాను, ఇప్పుడు ఏటి చెయ్యాలి.

క్లాసు రూమ్ (బరంపురం)

నేను డిగ్రీ పిల్లలకి ఈ సబ్జెక్టే చెప్తాను, ఇంట్లో మాదీ తెలుగే, కాబట్టి మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో జరిగింది అచ్చంగా ప్రయోగశాలలో జరిగినట్టే ఉంది.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అని ముగ్గురు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో ఒక పరిశీలన చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలెయ్యడం అంటే మామూలుగానే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకుని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి బొమ్మ వేస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకి ముందు చెప్పలేదు, వేశాక ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. వారం రెండు వారాలు పోయాక అవే పెన్నులు మామూలుగా క్లాసులో పెట్టి, ఎవరు ఎంతసేపు ఆడుకుంటున్నారో చూశారు. ముందే ఆశ పెట్టిన గుంపు మిగతావాళ్లలో దాదాపు సగం టైమే కూచుంది. అనుకోకుండా బహుమతి వచ్చిన గుంపుకి ఏమీ కాలేదు, అది గమనించండి. అంటే పాడు చేసింది బహుమతి కాదు, "ఇది చేస్తే అది ఇస్తా" అన్న బేరం. నేను ఈ పని ఎందుకు చేస్తున్నాను అని పిల్లాడి మనసు తనలో తనే లెక్క చూసుకుంటుంది, ఇదివరకు "నాకిష్టం కాబట్టి" అని జవాబు వచ్చేది, ఇప్పుడు "పది రూపాయల కోసం" అని వస్తోంది, పది రూపాయలు పోతే ఇక కారణమే లేదు.

దానికి రెండేళ్ల ముందు 1971లో ఎడ్వర్డ్ డెసీ కాలేజీ కుర్రాళ్లకి సోమా అనే చెక్క ముక్కల పజిల్ ఇచ్చి, కొందరికి ఒక్కో పజిల్‌కి డాలరు చొప్పున ఇచ్చి, మధ్యలో ఎనిమిది నిమిషాలు బయటికి వెళ్లిపోయి ఎవరు ఊరికే ఆడుతున్నారో చూశాడు. డబ్బు ఆపేసిన రోజు, డబ్బు తీసుకున్నవాళ్ల ఆసక్తి తగ్గింది. నోటితో మెచ్చుకున్నవాళ్లకి అలా తగ్గలేదు.

డెసీ తర్వాత రయాన్‌తో కలిసి చెప్పింది ఏంటంటే మనిషికి ఒక పని మీద లోపల్నుంచి ఇష్టం పుట్టి నిలబడాలంటే మూడు కావాలి. నా ఇష్టంతో చేస్తున్నాను అనుకోవాలి, ఇది నాకొచ్చు అనిపించాలి, నా అనుకున్న మనుషులతో ముడి ఉండాలి. మీ బాబుకి రాత్రి మామ్మ పక్కన ఈ మూడూ ఉన్నాయి. ఆపి అడిగాడు చూశారా, అది వాడి స్వేచ్ఛ. అడిగితే జవాబు వచ్చేది, దాంతో లైను అర్థమైపోయేది, అది చేతనవడం. మామ్మ గురించి చెప్పక్కర్లేదు. పేజీ లెక్క వచ్చాక ఆపి అడగడం నష్టం అయిపోయింది, ఎందుకంటే అడిగితే పేజీ ఆలస్యం. నాకు బాధనిపించింది ఇక్కడే, మీ పోస్టులో చిన్న మాటగా రాశారు గానీ "మామ్మని అడగడం ఆగిపోయింది" అన్నదే అసలు దెబ్బ.

మాస్లో గురించి ఒక్క ముక్క, 1943 వ్యాసంలో ఆయన మనిషి అవసరాలని మెట్లుగా చెప్పాడు గానీ ఆ త్రిభుజం గీయలేదు, తర్వాత మేనేజ్‌మెంటు పుస్తకాలవాళ్లు గీసిందే అందరూ వాడుతున్నారు, మెట్లు అంత గట్టిగా ఒకదాని తర్వాత ఒకటి ఉండవని ఆయనే ఒప్పుకున్నాడు. మీ సమస్యకి అది అంత పనికిరాదు, వదిలెయ్యండి.

నాగావళి (రాయగడ)

అన్నయ్యా నేను కడుపు నొప్పి సంగతి మాట్లాడతాను. ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి, మాటిమాటికీ వస్తోంది అంటున్నారు కదా. కడుపులో జబ్బేమీ లేదని తేలాక కింద రాసింది చదవండి.

మీవాడు అబద్ధం ఆడట్లేదు. మన తెలుగులో మనసు సంగతులన్నీ ఒంటితోనే చెప్తాం కదా, గుండె జారింది, ఒళ్లు మండింది, కడుపు తరుక్కుపోయింది, పక్కింటోళ్లు ఇల్లు కడితే కడుపు మంట. తొమ్మిదేళ్ల పిల్లాడు ముందు తెలిసింది చెప్తున్నాడు, ముందు తెలిసింది కడుపు. 1884లో అమెరికా సైకాలజిస్టు విలియం జేమ్స్ అన్నది దగ్గర దగ్గర ఇదే, భయం వేసి వణకడం కాదు, వణుకు వచ్చి ఆ వణుకు మనకి తెలియడమే భయం అని. మరుసటి ఏడు డెన్మార్క్ డాక్టరు లాంగె కూడా అలాంటిదే రాశాడు, అందుకే పుస్తకాల్లో ఇద్దరి పేర్లూ కలిపి ఉంటాయి.

వాల్టర్ కానన్ 1927లో దీన్ని ఒప్పుకోలేదు. కోపం వచ్చినా భయం వచ్చినా గుండె కొట్టుకుంటుంది, జ్వరం వచ్చినా కొట్టుకుంటుంది, మరి ఒంటిని బట్టి ఏది ఏదో ఎలా తెలుస్తుంది, పైగా పేగులూ కడుపూ మెల్లగా స్పందిస్తాయి, మనసుకి అంతకంటే ముందే తెలిసిపోతుంది అన్నాడు. మెదడు లోపల థాలమస్ నుంచి కబురు ఒకేసారి అటు ఒంటికీ ఇటు మనసుకీ వెళ్తుందని ఆయన లెక్క. పోరాడు లేదా పారిపో అని అందరూ అంటారే, ఆ మాట ఆయన పని నుంచే వచ్చింది.

1962లో షాక్టర్, సింగర్ అని ఇద్దరు కాలేజీ కుర్రాళ్లకి విటమిన్ అని చెప్పి అడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చారు. కొందరికి చేతులు వణుకుతాయి గుండె కొట్టుకుంటుంది అని ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. తర్వాత గదిలో తమ మనిషినే కూచోబెట్టారు, ఒకచోట అతను కాయితాలు విసురుతూ సరదాగా గెంతుతాడు, ఇంకోచోట చికాకుతో మండిపడతాడు. ముందు తెలియనివాళ్లు తమ వణుక్కి కారణం తెలీక ఆ పక్కవాడి మూడ్ వైపు వంగారు, ముందే తెలిసినవాళ్లు అంతగా వంగలేదు. ఫలితాలు పుస్తకాల్లో రాసినంత గట్టిగా ఏం లేవు, 1979లో మళ్లీ చేసి చూసినవాళ్లకి అలా రాలేదు కూడా, కాబట్టి ఇది దేవుడి మాట అనుకోకండి. కానీ ఒకటి నాకు నిజమనిపిస్తుంది, వణుక్కి మనం పెట్టే పేరు ముఖ్యం.

మా ఊళ్లో చెకాగుడ దగ్గర నాగావళి మీద వేలాడే వంతెన ఉంది, అది ఊగుతుంటే చిన్నప్పుడు కాళ్లు వణికేవి, మా అన్నయ్య చెయ్యి పట్టుకుని ఉంటే అదే వణుకు ఎంత బావుండేదో. బళ్లో ఒడియాలో పద్యం అప్పజెప్పమంటే కూడా అవే కాళ్లు అలాగే వణికేవి, అది మాత్రం చచ్చే భయం. ఒళ్లు ఒకటే, వణుకు ఒకటే. డిగ్రీలో వైవాకి బయట కుర్చీలో కూచున్నప్పుడు మా సీనియర్ అక్క ఒకావిడ చెప్పింది, "భయం లేదు భయం లేదు అనుకోకు, అది అబద్ధం అని ఒంటికి తెలుసు, నేను రెడీ అవుతున్నాను అనుకో" అని. అప్పుడు ఏదో మాటవరసకి అన్నది అనుకున్నాను. 2014లో ఎలిసన్ బ్రూక్స్ అని ఒకావిడ సరిగ్గా ఇదే పరీక్షించింది, అందరి ముందు పాడేముందు, మాట్లాడేముందు ప్రశాంతంగా ఉండు అని చెప్పుకున్నవాళ్ల కంటే ఉత్సాహంగా ఉంది అని చెప్పుకున్నవాళ్లు బాగా చేశారు.

మీవాడితో "భయపడకు" అనకండి అన్నయ్యా. నొప్పి నిజమేరా, కొత్త చోట అందరి ముందు చదవాలంటే ఒళ్లు అలాగే రెడీ అవుతుంది, నాన్నకి కూడా అలాగే అయ్యేది అని చెప్పండి. మీకు నిజంగా అయిన సంగతి ఏదైనా ఉంటే అదే చెప్పండి.

ప్రాణహిత (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

అన్నా, నాదొక మాట. మాది మహారాష్ట్ర బార్డరు, మాకూ గిదే కథ, ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. మా బాపుకు కిరాణం దుకాణం ఉండె. మరాఠీల లెక్క రాస్తే రోజుకు ఐదు రూపాయలు ఇస్త అన్నడు, నేను గట్లనే నేర్చుకున్న, ఇప్పుడు మరాఠీ పేపరు దినాం చదువుత, పైసల్లేకున్నా చదువుత. కాబట్టి పైసలిస్తే ఇష్టం సచ్చిపోతది అనేది అందరికీ కాదు. కెమరన్, పియర్స్ అనేటోళ్లు 1994ల చాలా ప్రయోగాలు కలిపి చూసి, బహుమతి వల్ల నష్టం ఏమంత లేదు అని రాసిండ్రు గద, లెక్చరర్ సారు అది చెప్పలే.

ఇంకోటి, మన కాకినాడ సంగతి. మెక్లెలండ్ అనే అమెరికాయన 1964ల కాకినాడ వ్యాపారస్తులను హైదరాబాద్‌ల ఉన్న చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు తెచ్చి, సాధించాలన్న పట్టుదల శిక్షణతోని పెరుగుతదా అని చూసిండు. బొమ్మ చూపెట్టి కథ చెప్పుమంటరు, ఆ కథల మనిషి ఏం కోరుకుంటుండో చూస్తరు, గట్ల ఉంటది ఆయన పద్ధతి. శిక్షణ అయినోళ్లు తర్వాత కొత్త పనులు ఎక్కువ మొదలువెట్టిండ్రని 1969ల పుస్తకం రాసిండ్రు. ఆయన ఏమంటడంటే గసొంటి మనిషికి పైసలు ఆశ కాదు, నేను ఎంత మంచిగ చేసిన అని సూపెట్టే గుర్తు. మా బాపు ఐదు రూపాయలు నాకు గట్లనే ఉండె. లెక్క తప్పు లేకుంటెనే ఇచ్చేటోడు, ఇచ్చేటప్పుడు "ఇయ్యాల ఒక్క తప్పు లేదు బిడ్డా" అని నలుగురి ముందట చెప్పేటోడు. నాకు ఆ మాట యాదికున్నది, పైసలు ఏం కొనుక్కున్ననో యాదికి లేదు.

క్లాసు రూమ్ (బరంపురం)

సిరోంచ తమ్ముడూ, నువ్వు చెప్పింది సరైన మాట, నేను చెప్పి ఉండాల్సింది. ఆ గొడవ చాలా ఏళ్లు నడిచింది, 1999లో డెసీవాళ్లు 128 ప్రయోగాలు కలిపి మళ్లీ లెక్క తీసి, ముందే చెప్పి ఇచ్చే వస్తువులు, డబ్బు వల్ల ఇష్టం తగ్గుతుంది, నిజమైన మెచ్చుకోలు వల్ల పెరుగుతుంది అని తేల్చారు. అసలే ఇష్టం లేని పనికి డబ్బిస్తే పోయేదేం లేదు, పోవడానికి అక్కడ ఇష్టమంటూ ఉంటే కదా. నీకు మొదట్లో లెక్కలు రాయడం మీద అలాంటి ప్రేమ ఉందా? లేదనుకుంటాను. గుణుపురం బాబుకి మాత్రం ముందే ఉంది.

రెండోది ఇంకా ముఖ్యం. డెసీ సిద్ధాంతంలోనే ఒకే రూపాయి రెండు రకాలుగా పనిచేస్తుంది, నిన్ను నడిపించే తాడుగా అయినా, నీకు వచ్చేసిందని చెప్పే కబురుగా అయినా. మీ బాపుది కబురు. పేజీకి పది అన్నది తాడు, ఎందుకంటే బాగా చదివినా లైన్లు దాటేసినా అదే పది.

కొమ్ముపని వీధి (పర్లాకిమిడి)

బాబూ, నేను రిటైరైన తెలుగు మాస్టర్ని. సైకాలజీ చదవలేదు, రాయగడ అమ్మాయి రాసింది చూశాక మాత్రం ఒకటి చెప్పాలనిపించింది. నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలని, అంటే మనసులోది ఒంటి మీద తేలే గుర్తులని, ఎనిమిది చెప్తారు, స్తంభించిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు వెలవెలబోవడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. మీ పిల్లవాడికి పాలకొండలో ఇందులో మూడు వచ్చాయి. చెమట ఎప్పుడు వస్తుందయ్యా అంటే కోపంలో, భయంలో, సంతోషంలో, సిగ్గులో, అలసటలో కూడా అని అందులోనే ఉంది, అంటే చెమట చూసి ఇది భయమని చెప్పెయ్యలేం, అది ఎవరి ఎదుట, ఏ సందర్భంలో వచ్చిందో చూడాలి. కానన్ అడిగిన ప్రశ్న ఇదే కదా అమ్మా? నాకైతే మీ అబ్బాయికి వచ్చింది భయం కాదనిపిస్తోంది, సిగ్గు. భయానికి ధైర్యం చెప్తే సరిపోతుంది, సిగ్గుకి సరిపోదు, నవ్విన పిల్లల దగ్గరే మళ్లీ మర్యాద దొరకాలి.

ఇంకొకటి, మీ పుస్తకంలో మోటివేషను ఒక చాప్టరు, ఎమోషను ఒక చాప్టరు అన్నారు. మనవాళ్లు ఉత్సాహాన్ని స్థాయీభావాల్లోనే, అంటే రసాలకి మూలమైన భావాల్లోనే పెట్టారు, నవ్వు, దుఃఖం, కోపం, భయం వరసలోనే ఉత్సాహం, అదే వీరరసానికి మూలం. పని చెయ్యాలన్న ఊపు కూడా ఒక భావమే. సిగ్గుతో నిండిన చోట ఉత్సాహం ఎక్కడ నిలబడుతుంది? మీవాడి రెండు సమస్యలూ నాకు ఒకటే సమస్యగా కనిపిస్తున్నాయి.

'క్షేత్రం' దగ్గర ఆగాడన్నారు. మీ ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటారా? మడి అంటారు, పొలం అంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉండి, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు, తెలుగు పిల్లలకీ నోట్లో ఉన్న తెలుగే పుస్తకంలో ఉండాలని జీవితమంతా వాదించారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ వాదం పాతబడిపోయిందని అంటారు గానీ సరిహద్దులో ఉన్న మనకి పాతబడలేదు. పిల్లవాడికి చదవడం రాదని కాదు, ఆ మాట వాడి మాట కాదు. వాళ్ల మామ్మ చెప్పే కథనే ఆవిడ మాటల్లోనే మీరు రాసిపెట్టండి, ఒడియా ముక్కలు దొర్లితే దొర్లనివ్వండి, అది చదవమనకుండా గూట్లో పెట్టండి చాలు.

వంశధార ఒడ్డు (గుణుపురం)

అందరికీ పేరుపేరునా దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను, మూడు వారాలు అయింది.

డాక్టరుకి చూపించాం, కడుపులో ఏమీ లేదన్నారు. చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టే నా సంగతి ఒకటి వాడికి చెప్పాను, నా మొదటి ఉద్యోగంలో మీటింగులో ఒడియా సరిగ్గా రాక గొంతు ఎండిపోయిన రోజు గురించి. చాలాసేపు విన్నాడు, "మరి నీకు కడుపు నొప్పి వచ్చిందా" అని అడిగాడు, కడుపు కాదురా చెవులు వేడెక్కిపోయాయి అన్నాను. అప్పట్నుంచి పాలకొండ మాట వస్తే కడుపు పట్టుకోవడం తగ్గింది, పూర్తిగా పోలేదు.

పుస్తకం సంగతి నేను కదపలేదు. అమ్మే ఒకటి చేసింది, ఎవరూ చెప్పలేదు ఆవిడకి. అమ్మకి ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు, బస్టాండులో బోర్డు చదవలేక ఎవర్నో ఒకర్ని అడుగుతుంది. వాణ్ని పిలిచి "నాకు ఒడియా అక్షరాలు నేర్పరా" అంది. కేలండర్ కాయితాలు మళ్లీ బయటికొచ్చాయి. ఒక్కో ఒడియా అక్షరం పక్కన తెలుగు అక్షరం రాసిస్తున్నాడు, ఆవిడ తప్పు రాస్తే వాడు నవ్వట్లేదు, మాస్టారూ ఇది మీకు చెప్పాలనిపించింది, "పర్లేదు మామ్మా ఇంకోసారి రాయి" అంటున్నాడు. మొన్న ళ ఎలా రాయాలో అనుమానం వచ్చి, గూట్లోంచి కథల పుస్తకం తీసి అందులో వెతికి చూసుకుని, పుస్తకాన్ని మళ్లీ గూట్లో పెట్టకుండా మంచం మీదే వదిలేశాడు. నేను చూడనట్టే ఉన్నాను.

పాలకొండ అక్కకి ఫోన్ చేసి మాట్లాడాను, పిల్లలతో చెప్తానంది. సంక్రాంతికి వెళ్లాలా వద్దా అన్నది వాడికే వదిలేశాం, ఇంకా ఏమీ చెప్పలేదు.

ఒక సాయం కావాలి. ఒడియా, తెలుగు అక్షరాలు పక్కపక్కన ఉండే పెద్దబాలశిక్ష లాంటిది బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ దొరుకుతుందా? అమ్మకి చూపు సరిగా ఆనదు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి.